ఫొటో దిద్దుబాటు వెనుక బడి లెక్కలు

మొబైల్ ఫోనులో తీసిన ఫొటోకు కాస్త వెలుతురు పెంచడం, అక్కరలేని అంచులు కత్తిరించడం, అడ్డంగా వచ్చినదాన్ని నిలువుగా తిప్పడం హైస్కూలు పిల్లలకు నేడు మంచినీళ్ళ ప్రాయం. అయితే వేలు కదిపినప్పుడల్లా ఫోను లోపల లక్షల సంఖ్యలు ఒకే సూత్రం ప్రకారం మారిపోతున్నాయనీ, ఆ సూత్రాలలో చాలావరకు తొమ్మిది, పది తరగతుల గణిత పాఠాలలో నేర్చినవేననీ ఆ పిల్లలకు చెప్పేవారు తక్కువ. డిజిటల్ చిత్రాల దిద్దుబాటు ద్వారా గణితాన్ని బోధించాలన్న ఆలోచన ఈ లోటు నుంచే పుట్టింది. బొమ్మల వల్ల పాఠం ఆకర్షణీయంగా ఉంటుందన్నది అందులో చిన్న లాభం మాత్రమే. సూత్రం తప్పితే బొమ్మ కూడా తప్పుతుంది కనుక విద్యార్థి తన లెక్కను తన కళ్ళతోనే సరిచూసుకోగలగడం, చేసిన మార్పుల్లో దేన్ని వెనక్కి తీసుకోవచ్చు, దేన్ని తీసుకోలేము అన్న ప్రశ్నకు గణితంలోనే జవాబు వెతుక్కోగలగడం ఈ పద్ధతిలోని పెద్ద లాభాలు.

బొమ్మ అంటే సంఖ్యల పట్టిక

కంప్యూటరుకు బొమ్మ కనిపించదు, దానికి తెలిసింది సంఖ్యలే. 1957లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేస్తున్న రస్సెల్ కిర్ష్ తన మూడు నెలల కొడుకు ఫొటోను స్కానరు ద్వారా కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు, ఆ ఫొటో 176 అడ్డు వరుసలు, 176 నిలువు వరుసలు గల గళ్ళ పట్టికగా మారింది. మొత్తం 30,976 గళ్ళున్న ఆ పట్టికతోనే డిజిటల్ చిత్రాల చరిత్ర మొదలైంది. అటువంటి ఒక్కొక్క గడిని పిక్సెల్ అంటారు. నేటి ఫోన్లు తీసే ఫొటోలలో 4000 నిలువు వరుసలు, 3000 అడ్డు వరుసలు ఉండడం మామూలు కనుక, గుణించి చూస్తే ఒక్క ఫొటోలో కోటీ 20 లక్షల పిక్సెళ్ళు ఉన్నట్టు తేలుతుంది.

నలుపు తెలుపు చిత్రంలో ఒక్కో పిక్సెల్‌కు సాధారణంగా 0 నుంచి 255 దాకా ఏదో ఒక పూర్ణసంఖ్య ఉంటుంది. 0 అంటే కటిక నలుపు, 255 అంటే స్వచ్ఛమైన తెలుపు, నడుమ ఉన్నవన్నీ బూడిద రంగు ఛాయలు. 255 దగ్గరే ఆగడానికి కారణం ఘాతాంకాల పాఠంలో దొరుకుతుంది. ఒక్కో పిక్సెల్‌కు 8 బిట్లు, అంటే సున్నాగానో ఒకటిగానో ఉండగల 8 స్థానాలు కేటాయిస్తే, 2ను ఎనిమిది సార్లు గుణించగా వచ్చే 256 విలువలు సాధ్యమవుతాయి. రంగుల చిత్రంలో ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు కాంతుల పరిమాణాలను తెలిపే మూడు సంఖ్యలు ఉంటాయి కాబట్టి, 256ను మూడు సార్లు గుణిస్తే వచ్చే 1,67,77,216 రంగులను ఆ పద్ధతిలో చూపవచ్చు.

ఈ విషయాన్ని పిల్లలకు నమ్మకం కలిగేలా చూపడానికి ఖరీదైన సాధనాలేవీ అక్కరలేదు. పీజీఎం అనే సులువైన చిత్రరూపం ఒకటుంది. మామూలు నోట్‌ప్యాడ్‌లో మొదటి వరుసలో ఇంగ్లీషు పెద్దబడి ‘పి’ అక్షరాన్నీ, దాని పక్కనే 2 అంకెనూ, తరువాతి వరుసలలో చిత్రం వెడల్పు, ఎత్తు, గరిష్ఠ విలువలనూ రాసి, ఆపైన పిక్సెళ్ళ విలువలను వరుసగా టైపు చేసి, ఆ ఫైలును పీజీఎం పేరుతో భద్రపరిస్తే, ఉచితంగా దొరికే గింప్ వంటి సాఫ్ట్‌వేరు దాన్ని బొమ్మగా తెరుస్తుంది. ఎనిమిది గళ్ళ వెడల్పు, ఎనిమిది గళ్ళ ఎత్తులో తన పేరులోని మొదటి అక్షరాన్ని సంఖ్యలతో గీసిన విద్యార్థికి, బొమ్మను మార్చడమంటే సంఖ్యలను మార్చడమేనని వేరుగా చెప్పవలసిన పని ఉండదు.

వెలుతురు పెంచే సరళరేఖ

ప్రతి పాత విలువకూ ఒక కొత్త విలువను కేటాయించే నియమాన్ని గణితంలో ప్రమేయం అంటారు. ఫొటో దిద్దుబాటులో తొలిగా ఎదురయ్యే ప్రమేయాలన్నీ రేఖీయమైనవే, అంటే గ్రాఫు గీస్తే సరళరేఖలుగా వచ్చేవే. వెలుతురు పెంచడానికి ప్రతి విలువకూ 30 కలిపితే సరిపోతుంది. నెగెటివ్ కావాలంటే ప్రతి విలువనూ 255 నుంచి తీసివేయాలి. అప్పుడు 100 కాస్తా 155 అవుతుంది, మరోసారి అదే పని చేస్తే 155 మళ్ళీ 100 అవుతుంది. నలుపు తెలుపుల మధ్య తేడాను, అంటే కాంట్రాస్టును, రెట్టింపు చేయాలంటే పాత విలువను రెండుతో గుణించి 128 తీసివేయాలి. అలా చేస్తే 128 ఉన్నచోటే ఉండిపోగా, 100 తగ్గి 72 అవుతుంది, 150 పెరిగి 172 అవుతుంది. నడిమి విలువకు ఇరువైపులా ఉన్నవి ఒకదానికొకటి దూరం జరిగినందువల్లనే చిత్రంలో చీకటి మరింత చీకటిగా, వెలుతురు మరింత వెలుతురుగా కనిపిస్తుంది.

ఇదే సూత్రంలో పదో తరగతి పాఠం ఒకటి దాగి ఉంది. బహుపది విలువను సున్నా చేసే సంఖ్యను ఆ బహుపది శూన్యం అంటారని విద్యార్థులు చదువుకుంటారు గాని, ఆ శూన్యంతో ఏం పని అన్న ప్రశ్నకు వారికి తృప్తికరమైన జవాబు అరుదుగా దొరుకుతుంది. పైన చెప్పిన కాంట్రాస్టు సూత్రానికి శూన్యం 64. చిత్రంలో ఆ విలువ ఉన్న పిక్సెల్ సరిగ్గా నల్లబడుతుంది, అంతకన్నా తక్కువ ఉన్నవాటికి రుణ సంఖ్యలు వస్తాయి, రుణ విలువగల వెలుతురు లేదు కాబట్టి సాఫ్ట్‌వేరు వాటిని కూడా సున్నాగానే ఉంచుతుంది. శూన్యాన్ని ముందే కనుక్కున్న విద్యార్థి చిత్రంలో ఏ భాగం నల్లగా ముద్ద కడుతుందో బొమ్మను చూడకుండానే చెప్పగలడు.

1990లో మార్కెట్లోకి వచ్చిన ఫొటోషాప్‌లోనూ, ఆ దశకంలోనే విద్యార్థులు తయారుచేసి ఉచితంగా అందించిన గింప్‌లోనూ ‘కర్వ్స్’ అనే పరికరం ఉంది. అది తెరిస్తే కనిపించేది అక్షరాలా ఒక గ్రాఫు. అడ్డ అక్షం మీద పాత విలువలు, నిలువు అక్షం మీద కొత్త విలువలు ఉంటాయి, మొదట్లో రెండూ సమానం కనుక రేఖ మూల నుంచి మూలకు వాలుగా పోతుంది. ఆ రేఖను ఉన్నది ఉన్నట్టుగా పైకి జరిపితే వెలుతురు పెరుగుతుంది, దాని వాలు పెంచితే కాంట్రాస్టు పెరుగుతుంది, వాలును రుణం చేస్తే నెగెటివ్ వస్తుంది. సరళరేఖ సమీకరణంలో వాలు, అంతరఖండం అనే రెండు రాశులు వేర్వేరు పనులు చేస్తాయన్న సంగతి నల్లబల్ల మీద కన్నా ఇక్కడ తేటగా బోధపడుతుంది.

మంచు కురిసిన ఉదయాన తీసిన ఫొటో పేలవంగా ఉండడానికి కారణం, దానిలోని విలువలు 0 నుంచి 255 దాకా పరచుకోకుండా, ఉదాహరణకు 60కీ 180కీ మధ్యనే ఇరుక్కుని ఉండడం. 60 సున్నాగానూ, 180 కాస్తా 255గానూ మారాలంటే ఆ రెండు బిందువుల గుండా పోయే సరళరేఖ సమీకరణం కావాలి. దాని వాలు 255ను 120తో భాగించగా వచ్చే 2.125 కనుక, ప్రతి విలువ నుంచి 60 తీసివేసి 2.125తో గుణిస్తే మంచు తెర తొలగిపోతుంది, పాత చిత్రంలో 100గా ఉన్నది 85కు చేరుతుంది.

అన్ని అవసరాలకూ సరళరేఖ సరిపోదు. నీడలో ఉన్న ముఖాన్ని పైకి తేవాలి గాని వెనుక ఉన్న ఆకాశం తెల్లగా పాలిపోకూడదు అనుకున్నప్పుడు వర్గమూలం అక్కరకు వస్తుంది. పాత విలువను 255తో గుణించి వర్గమూలం తీసుకుంటే 16 ఉన్నది 64 అవుతుంది, 64 ఉన్నది 128 అవుతుంది, 225 ఉన్నది మాత్రం 240 దగ్గరే ఆగిపోతుంది. చీకటి విలువలు ఎక్కువగా, వెలుతురు విలువలు తక్కువగా పెరిగే ఈ మార్పును ఛాయాచిత్ర రంగంలో గామా సవరణ అంటారు.

వెనక్కి రాని మార్పులు

30 కలిపినదాన్ని 30 తీసివేసి వెనక్కి తెచ్చుకోవచ్చని బీజగణితం చెబుతుంది. ఫొటోలో అది అన్నివేళలా నిజం కాదు. పక్కపక్కనే ఉన్న మూడు పిక్సెళ్ళ విలువలు 180, 210, 240 అనుకుని వాటికి 60 కలిపితే 240, 270, 300 రావాలి. గరిష్ఠ పరిమితి 255 కాబట్టి చివరి రెండూ 255 దగ్గరే ఆగిపోతాయి. ఇప్పుడు 60 తీసివేస్తే వచ్చేవి 180, 195, 195. మొదట వేర్వేరుగా ఉన్న 210, 240 ఇప్పుడు ఒకటైపోయాయి, వాటిలో ఏది ఏదో చెప్పడం ఇక ఎవరి తరమూ కాదు. ఎండలో మెరిసే తెల్లచొక్కా మడతలు ఒకసారి తుడిచిపెట్టుకుపోతే, చిత్రాన్ని భద్రపరిచాక ఎంత వెలుతురు తగ్గించినా తిరిగి రాకపోవడానికి కారణం ఇదే.

ఇంటర్ మొదటి సంవత్సరంలో విద్యార్థులు అన్వేక ప్రమేయం, సంగ్రస్త ప్రమేయం, ద్విగుణ ప్రమేయం అనే మాటలను ఒక్కసారిగా ఎదుర్కొంటారు. వేర్వేరు విలువలను ఎప్పుడూ వేర్వేరు విలువలకే పంపేది అన్వేకం, చేరవలసిన సమితిలో ఏ మూలకాన్నీ వదలకుండా అన్నిటినీ అందుకునేది సంగ్రస్తం, ఈ రెండు గుణాలూ ఉన్నది ద్విగుణం. ద్విగుణ ప్రమేయానికే విలోమం, అంటే చేసిన పనిని వెనక్కి తిప్పే మరో ప్రమేయం ఉంటుంది. నెగెటివ్ ద్విగుణం కనుక వెనక్కి వస్తుంది, పరిమితి దగ్గర తెగిపోయే వెలుతురు సవరణ అన్వేకం కాదు కనుక రాదు. కంఠస్థం చేసే నిర్వచనాలకు ఇంత ప్రత్యక్షమైన పర్యవసానం మరోచోట దొరకడం కష్టం.

నష్టానికి పరిమితి ఒక్కటే కారణం కాదు. పిక్సెల్ విలువలు పూర్ణసంఖ్యలే కావాలి కనుక సగం చేసేటప్పుడు 101 కాస్తా 50.5 నుంచి 51కి సవరించబడుతుంది, 102 కూడా 51 అవుతుంది, తిరిగి రెట్టింపు చేస్తే రెండూ 102 అవుతాయి. పనుల వరుసకూ ప్రాముఖ్యం ఉంది. 50 విలువను ముందు రెట్టించి తరువాత 30 కలిపితే 130 వస్తుంది, ముందు 30 కలిపి తరువాత రెట్టిస్తే 160 వస్తుంది. సంయుక్త ప్రమేయాలలో క్రమం మారితే ఫలితం మారవచ్చన్న నియమం ఇక్కడ రెండు వేర్వేరు ఫొటోలుగా కళ్ళముందు నిలుస్తుంది.

ఫొటోలను భద్రపరచడానికి ఎక్కువగా వాడే జేపెగ్ పద్ధతిలో సమాచారం ఉద్దేశపూర్వకంగానే వదిలివేయబడుతుంది. 1992లో ప్రమాణంగా వెలువడిన ఈ పద్ధతి చిత్రాన్ని 8 గళ్ళ వెడల్పు, 8 గళ్ళ ఎత్తు గల ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కనూ కొసైన్ తరంగాల మొత్తంగా తిరగరాసి, కంటికి అంతగా ఆనని సూక్ష్మ తరంగాలను స్థూలంగా సవరిస్తుంది. దీనికి మూలమైన డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్‌ను బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు 1974లో ప్రచురించారు. ఆ గణితం మొత్తం హైస్కూలు స్థాయికి అందదు గాని, త్రికోణమితిలో నేర్చే కొసైన్‌కు ఎత్తులూ దూరాలూ కనుక్కోవడమే కాక వేరే బతుకు కూడా ఉందని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

సగటుకూ మధ్యగతానికీ తేడా కనిపించే చోటు

రంగుల చిత్రాన్ని నలుపు తెలుపుగా మార్చాలంటే మూడు సంఖ్యల స్థానంలో ఒకటే రావాలి. మూడింటి సగటు తీసుకోవడం తొలుత తోచే మార్గం. అయితే నిండు ఎరుపు చీరకు నిండు ఆకుపచ్చ అంచు ఉన్న ఫొటోను ఆ పద్ధతిలో మారిస్తే అంచు మాయమవుతుంది. ఎరుపులో 255, 0, 0, ఆకుపచ్చలో 0, 255, 0 ఉన్నందువల్ల రెండింటి సగటూ 85 కావడమే అందుకు కారణం. మనిషి కన్ను ఆకుపచ్చను ఎక్కువ ప్రకాశవంతంగానూ, నీలాన్ని తక్కువ ప్రకాశవంతంగానూ గ్రహిస్తుంది. అందుకే టెలివిజన్ రంగంలో స్థిరపడిన సూత్రం ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 చొప్పున భారాలు ఇస్తుంది. ఈ భారిత సగటుతో చీర 76, అంచు 150 అయి, రెండూ విడివిడిగా కనిపిస్తాయి. మూడు భారాలనూ కూడితే సరిగ్గా 1 ఎందుకు రావాలన్నది తరగతిలో అడగదగిన మంచి ప్రశ్న. కూడిక 1 కన్నా ఎక్కువైతే తెలుపు పరిమితి దాటిపోతుంది, తక్కువైతే తెలుపు బూడిదవుతుంది.

మధ్యగతం విలువ తెలియాలంటే పాత ఫొటోలమీద ఉండే చుక్కలను చూడాలి. ఒక పిక్సెల్‌నూ దాని చుట్టూ ఉన్న ఎనిమిదింటినీ తీసుకుంటే వచ్చిన విలువలు 52, 54, 55, 53, 255, 56, 54, 57, 55 అనుకుంటే, నడుమ ఉన్న 255 ఒక తెల్ల చుక్క అని తెలిసిపోతుంది. తొమ్మిదింటి మొత్తం 691 కనుక సగటు సుమారు 77. ఆ విలువను చుక్క స్థానంలో పెడితే మచ్చ పలచబడుతుంది గాని పోదు, పైగా పొరుగు పిక్సెళ్ళకు సగటు కట్టినప్పుడల్లా ఆ 255 వాటి లెక్కలోకీ చొరబడి మచ్చను చుట్టూ పులుముతుంది. ఆరోహణ క్రమంలో పేర్చి ఐదో విలువను తీసుకుంటే వచ్చే మధ్యగతం 55, దాన్ని పెట్టగానే చుక్క ఆనవాలు లేకుండా పోతుంది. అసాధారణ విలువలకు సగటు లొంగిపోతుందనీ, మధ్యగతం లొంగదనీ చెప్పే వాక్యం పుస్తకంలో ఉంటుంది, దాని అర్థం మాత్రం ఈ తొమ్మిది గళ్ళలో ఉంది.

కెమెరాలలోనూ, దిద్దుబాటు సాఫ్ట్‌వేర్లలోనూ కొండల వరుసలా కనిపించే హిస్టోగ్రామ్ పాఠ్యపుస్తకంలోని సోపాన చిత్రమే. ఏ విలువ ఎన్ని పిక్సెళ్ళలో ఉందో తెలిపే పౌనఃపున్య పట్టికకు అది రూపం. కొండ ఎడమకు ఒరిగితే చిత్రం చీకటిగా ఉందని, కుడి అంచున గోడలా నిలిచిపోతే వెలుతురు పరిమితి దాటి వివరం పోయిందని చదువుకోవచ్చు.

నిరూపకాలు, నిష్పత్తులు

పిక్సెల్ స్థానాన్ని తెలిపే రెండు సంఖ్యలు నిరూపకాలే అయినా, ఇక్కడ మూలబిందువు ఎడమ పక్క పై మూలన ఉంటుంది, నిలువు అక్షం కిందికి పోతుంది. ఈ ఒక్క తేడావల్ల, పుస్తకంలో అపసవ్య దిశలో 90 డిగ్రీలు తిప్పే సూత్రం తెరమీద సవ్య దిశలో తిప్పుతుంది. విద్యార్థులు మొదట తికమకపడినా, సూత్రం అక్షాల ఎంపికను బట్టి అర్థం మార్చుకుంటుందన్న మెలకువ వారికి దీనివల్లనే అలవడుతుంది.

45 డిగ్రీల భ్రమణం మరింత ఆసక్తికరమైనది. (1, 0) స్థానంలోని పిక్సెల్ (0.707, 0.707) దగ్గరికీ, (2, 0) స్థానంలోనిది (1.414, 1.414) దగ్గరికీ పోవాలి. పూర్ణసంఖ్యలకు సవరిస్తే రెండూ (1, 1) గడిలోనే పడతాయి, ఫలితంగా కొన్ని గళ్ళలో రెండేసి పిక్సెళ్ళు చేరి, మరికొన్ని గళ్ళు ఖాళీగా మిగిలి, చిత్రం చిల్లులు పడినట్టు కనిపిస్తుంది. అందుకే సాఫ్ట్‌వేర్లు కొత్త చిత్రంలోని ప్రతి గడి దగ్గరా నిలబడి, ఇక్కడికి రావలసిన రంగు పాత చిత్రంలో ఎక్కడ ఉందని వెనక్కి లెక్క వేస్తాయి. ఆ స్థానం రెండు పిక్సెళ్ళ నడుమ పడితే విభజన సూత్రం పనికి వస్తుంది. 40, 100 విలువలున్న పిక్సెళ్ళ మధ్య దూరాన్ని 1:3 నిష్పత్తిలో విభజించే చోట ఉండవలసిన విలువ 55.

నిష్పత్తి పాఠానికి దరఖాస్తు ఫారాలకన్నా మంచి ఉదాహరణ లేదు. పాస్‌పోర్టు సైజు ఫొటో వెడల్పు 35, ఎత్తు 45 మిల్లీమీటర్లయితే ఆ నిష్పత్తి 7:9. ఫోనులో నిలువుగా తీసిన ఫొటో 3000 పిక్సెళ్ళ వెడల్పు, 4000 పిక్సెళ్ళ ఎత్తు ఉంటే దాని నిష్పత్తి 3:4. కత్తిరించకుండా బలవంతాన ఇరికిస్తే ముఖం 27 పాళ్ళకు 28 పాళ్ళ చొప్పున వెడల్పవుతుంది. వెడల్పు అలాగే ఉంచి ఎత్తును 3857కు కత్తిరిస్తే ముఖం ముఖంలా ఉంటుంది. ఫైలు పరిమాణం పావు వంతు కావాలంటే పొడవు వెడల్పులను పావు చేయనక్కరలేదని, సగం చేస్తే పిక్సెళ్ళు కోటీ 20 లక్షల నుంచి 30 లక్షలకు తగ్గుతాయని గుర్తించినప్పుడు, సరూప పటాల వైశాల్యాలు భుజాల వర్గాల నిష్పత్తిలో ఉంటాయన్న సిద్ధాంతం పనిలో పడుతుంది.

తరగతి గదిలో

గణితం పట్ల భయమూ వైఫల్య భావమూ పిల్లల్లో పేరుకుపోతున్నాయని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంలో భాగంగా వెలువడిన గణిత బోధన పత్రం గుర్తించింది. గణిత ఆలోచననూ గణన ఆలోచననూ బడి చదువు పొడవునా పెంచాలని 2020 జాతీయ విద్యావిధానం కోరింది. ఈ రెండు లక్ష్యాలకూ చిత్ర దిద్దుబాటు తగిన సాధనమే అయినా, కంప్యూటరు ముందు కూర్చోబెట్టినంత మాత్రాన లెక్కలు రావు. మీటను అటూ ఇటూ జరిపి బొమ్మ బాగుందనిపించగానే ఆపేసే విద్యార్థి ఒక్క సూత్రమూ నేర్చుకోడు. అందుకే పని వరుస తిరగబడాలి. ముందు గళ్ళ కాగితం మీద పాతిక పిక్సెళ్ళకు సూత్రాన్ని చేతితో వర్తింపజేయాలి, బొమ్మ ఎలా మారుతుందో ఊహించి రాయాలి, ఆ తరువాతే తెర తెరిచి సరిచూడాలి. కంప్యూటర్లు తక్కువగా ఉన్న బడిలో మొదటి రెండు మెట్లూ కాగితం మీదే సాగుతాయి, మూడో మెట్టుకు ఉపాధ్యాయుడి దగ్గర ఒక్క ల్యాప్‌టాప్ ఉన్నా చాలు.

కాగితానికీ దిద్దుబాటు సాఫ్ట్‌వేరుకూ నడుమ వంతెనగా స్ప్రెడ్‌షీట్ చాలా అనువైనది. గళ్ళలో సంఖ్యలు వేసి, విలువను బట్టి గడికి రంగు వచ్చే ఏర్పాటు చేసుకుంటే, పక్కనే మరో పట్టికలో సూత్రం రాయగానే కొత్త బొమ్మ ప్రత్యక్షమవుతుంది. సంఖ్య, సూత్రం, బొమ్మ మూడూ ఒకే తెరమీద ఉంటాయి. ఇక్కడ ఉపాధ్యాయులు ఒక జాగ్రత్త పాటించాలి. నేటి సాఫ్ట్‌వేర్లలో ‘బ్రైట్‌నెస్’ అని రాసి ఉన్న మీట ఎప్పుడూ కేవలం కూడిక చేయదు, తెలుపు తెగిపోకుండా లోపల వేరే వక్రరేఖలు వాడవచ్చు. కాగితం మీది లెక్కతో సరిపోవాలంటే ‘కర్వ్స్’ పరికరాన్నో స్ప్రెడ్‌షీట్‌నో వాడడం మంచిది. ఏ గణితాంశాన్నైనా బొమ్మలోకి ఈడ్చుకురావాలన్న ఉబలాటమూ పనికిరాదు. నిరూపణలు, సంఖ్యావాదం వంటివి వాటి దారిన అవి నేర్చుకోవలసినవే.

మూల్యాంకనం కూడా మారినప్పుడే ఈ పద్ధతి నిలదొక్కుకుంటుంది. దిద్దుబాటుకు ముందు, తరువాత విలువలు ఇచ్చి మధ్యనున్న ప్రమేయాన్ని కనుక్కోమనవచ్చు. మూడు దిద్దుబాట్లు ఇచ్చి వాటిలో దేనికి విలోమం ఉందో కారణంతో సహా రాయమనవచ్చు. అసలు ఫొటోను తాకకుండా, చేసిన మార్పుల జాబితాను మాత్రమే వేరుగా దాచిపెట్టే యాప్‌లు అలా ఎందుకు చేస్తాయని అడగవచ్చు. ఈ చివరి ప్రశ్నకు, పరిమితి దగ్గర తెగిపోయే ప్రమేయం అన్వేకం కాదని, అన్వేకం కానిదానికి విలోమం ఉండదని, విలోమం లేని చోట అసలును భద్రపరచుకోవడం తప్ప గత్యంతరం లేదని ఒక పదో తరగతి విద్యార్థి మూడు వాక్యాలలో రాయగలిగితే, ఇంటర్‌లో రాబోయే అధ్యాయం సారాన్ని ఆ అధ్యాయం తెరవకముందే పట్టుకున్నట్టు లెక్క.